నగరంలో సరుకు రవాణాను సరిచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. ఒక మధ్యస్థాయి నగరంలో రద్దీ, పొగ తగ్గించడానికి మూడు ప్రతిపాదనలు వచ్చాయి. పగటిపూట ట్రక్కులను లోపలికి రానివ్వకపోవడం ఒకటి. డెలివరీ వ్యాన్లను ఎలక్ట్రిక్‌కు మార్చడం రెండోది. ఊరి పొలిమేరలో ఉమ్మడి గోదాము కట్టి, సరుకంతా అక్కడ దింపించి, చిన్న బండ్ల మీద లోపలికి పంచడం మూడోది. డబ్బు పరిమితం కాబట్టి దేనితో మొదలుపెట్టాలి, దీర్ఘకాలంలో నగరానికి ఏది మేలు చేస్తుంది అని అడిగారు.

నేను చాలా ఏళ్లు డెలివరీ ఆపరేషన్స్‌లో ఉండి, తర్వాత నగర ప్రణాళిక పనిలోకి వచ్చాను. నాకు కనిపించేది ఏమిటంటే, ఈ మూడు ప్రతిపాదనలూ బండి దగ్గరే మొదలవుతున్నాయి. బండి ఎన్ని గంటలకు రావాలి, వారానికి ఎన్నిసార్లు రావాలి అన్నది డ్రైవర్ చేతిలో లేదు. చాలాసార్లు ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ చేతిలోనూ లేదు. సరుకు తెప్పించుకునేవాళ్ల చేతిలో ఉంది. అంటే దుకాణాలు, ఆఫీసులు, హోటళ్లు, ఆసుపత్రులు, భవనాలు కట్టే సైట్లు, ఫోన్లో ఆర్డర్ పెట్టే మనమందరం. ఇక బండి వచ్చాక అయ్యే నష్టంలో పెద్ద వాటా అది ఆగే చోట జరుగుతుంది. అందుకే తెప్పించుకునేవాళ్లతోనూ, రోడ్డు అంచుతోనూ మొదలుపెట్టమంటాను. మీ మూడు ప్రతిపాదనలూ ఆ తర్వాతే పనిచేస్తాయి.

ముందు ఈ వ్యవహారం ఎంత పెద్దదో చూడండి. ఐరోపా నగరాల మీద జరిగిన అధ్యయనాల్లో తరచూ కనిపించే అంచనా ప్రకారం, నగరంలోని ప్రతి ఉద్యోగానికీ వారానికి దాదాపు ఒక డెలివరీ లేదా పికప్ జరుగుతుంది. ఒక్కో మనిషి లెక్కన ఏడాదికి 30 నుంచి 50 టన్నుల సరుకు కదులుతుంది. రోడ్ల మీద తిరిగే మొత్తం దూరంలో సరుకు బండ్ల వాటా 10 నుంచి 15 శాతమే కావచ్చు. కానీ డీజిల్ ఇంజన్లు, మాటిమాటికీ ఆగి బయల్దేరడం వల్ల పొగలో వాటి వాటా అంతకంటే చాలా ఎక్కువ. ఏమీ చేయకుండా వదిలేస్తే 2030 నాటికి ప్రపంచంలోని 100 పెద్ద నగరాల్లో డెలివరీ వాహనాలు 36 శాతం, వాటి ఉద్గారాలు 32 శాతం పెరుగుతాయని వరల్డ్ ఎకనామిక్ ఫోరమ్ 2020లో అంచనా వేసింది. బస్సులు, మెట్రోల మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు కూడా చాలా నగరాలు దీని మీద పెట్టడం లేదు. రవాణా శాఖలో సరుకు సంగతి చూసే మనిషే ఉండడు. నాకు అన్నిటికంటే బాధ కలిగించే లోపం ఇదే.

ఇప్పుడు పగటి నిషేధం సంగతి. బరువు పరిమితి పెట్టి పెద్ద ట్రక్కులను ఆపితే సరుకు ఆగదు. అదే సరుకు చిన్న వ్యాన్లలోకి మారుతుంది. ఒక్క ట్రక్కు మోసేదానికి అయిదారు వ్యాన్లు కావాలి. అంటే అయిదారుగురు డ్రైవర్లు, అయిదారు చోట్ల పార్కింగ్. గణాంకాల్లో ట్రక్కులు తగ్గినట్టు కనిపిస్తాయి, వీధి మాత్రం ఇంకా ఇరుకవుతుంది. దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడిచిన ప్రయోగం బార్సిలోనాలో 2003లో జరిగింది. ఒక సూపర్‌మార్కెట్‌కు పగలు ఏడు ట్రక్కులు తెచ్చే సరుకును రాత్రిపూట రెండు 40 టన్నుల ట్రక్కులతో తెప్పించారు. బండి పెద్దదైంది, ట్రిప్పులు తగ్గాయి, పగటి రోడ్డు ఖాళీ అయింది. పెద్ద బండిని శత్రువుగా చూడకండి. ఏ వేళలో వస్తోంది, ఎంత నిండుగా వస్తోంది అన్నవే చూడాల్సినవి.

అయితే రాత్రి డెలివరీ అన్నది ఉత్తర్వు జారీ చేస్తే జరిగిపోయే పని కాదు. న్యూయార్క్ అనుభవం ఇక్కడ బాగా పనికొస్తుంది. రెన్సెలార్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హోసే ఓల్గిన్-వేరాస్ బృందం 2009-10లో మాన్‌హాటన్‌లో రాత్రి డెలివరీల మీద ప్రయోగం చేసింది. ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలకు అది మొదటి నుంచీ ఇష్టమే. రోడ్లు ఖాళీగా ఉంటాయి, బండి వేగంగా తిరుగుతుంది, పార్కింగ్ జరిమానాలు ఉండవు. ఒప్పుకోనిది దుకాణాల వాళ్లు, ఎందుకంటే రాత్రి సరుకు దింపించుకోవడానికి మనిషిని కూర్చోబెట్టాలి. ఆ జీతం వాళ్లే ఇవ్వాలి, లాభం మాత్రం ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి పోతుంది. అందుకని ప్రోత్సాహక సొమ్మును ప్రధానంగా దుకాణాలకే ఇచ్చారు.

ఆ తర్వాత జరిగిందే అసలు పాఠం. ప్రయోగం ముగిసి డబ్బు ఆగిపోగానే, రాత్రి సిబ్బందిని పెట్టుకున్న దుకాణాలు మళ్లీ పగటి వేళలకు వెళ్లిపోయాయి. డ్రైవర్‌కు తాళం ఇచ్చి, మనిషి లేకుండానే సరుకు లోపల పెట్టించుకున్న దుకాణాలు రాత్రిపూటే కొనసాగాయి. పొద్దున షట్టర్ తీసేసరికి సరుకు సిద్ధంగా ఉండటం వాళ్లకు నచ్చింది. కాబట్టి మీ నగరంలో రాత్రి డెలివరీలు కావాలంటే నిషేధానికి పెట్టే శ్రమను ఈ వైపు పెట్టండి: దుకాణంలోకి వెళ్లకుండా సరుకు మాత్రమే పెట్టగలిగే చిన్న గది, కోడ్‌తో తెరుచుకునే తాళం, ఒక కెమెరా, సరుకు తేడా వస్తే ఎవరు బాధ్యులో రాసుకున్న ఒప్పందం. చూడటానికి చిన్న విషయాలు. పని నడిచేది వీటి మీదే.

రాత్రి అనగానే చుట్టుపక్కల ఇళ్లవాళ్ల నిద్ర సంగతి వస్తుంది. ఆ అభ్యంతరం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకూడదు. కానీ చప్పుడు ఎక్కడ పుడుతుందో దగ్గర నిలబడి వింటే ఆశ్చర్యమేస్తుంది. ఇంజన్ కంటే ఎక్కువ నిద్ర చెడగొట్టేవి వేరే ఉన్నాయి. వెనక ఇనుప లిఫ్ట్ ప్లేటు రోడ్డుకు తగిలినప్పుడు వచ్చే దడేలుమనే శబ్దం. సరుకు పెట్టిన ఇనుప ట్రాలీ గట్టి చక్రాలు రాతి పలకల మీద గడగడలాడటం. రివర్స్ హారన్. క్యాబిన్ తలుపు ధడాలున వేయడం. ఆన్ చేసి వదిలేసిన రేడియో. ఇద్దరు మనుషుల కేకలు. నెదర్లాండ్స్‌లో 'పీక్' పేరుతో ఒక ప్రమాణం తెచ్చారు. సరుకు దించేటప్పుడు 7.5 మీటర్ల దూరంలో కొలిస్తే సాయంత్రం 65, అర్ధరాత్రి వేళ 60 డెసిబెళ్లు దాటకూడదు. దానికోసం ట్రాలీలకు మెత్తటి చక్రాలు, లిఫ్ట్ ప్లేట్లకు రబ్బరు పూత వచ్చాయి. డ్రైవర్లకు శిక్షణ ఇచ్చారు. లండన్ మరో దారి పట్టింది. 1985 నుంచి అక్కడ 18 టన్నులు దాటిన లారీలకు రాత్రివేళల్లో, వారాంతాల్లో దారుల మీద ఆంక్షలున్నాయి. జనం నిద్రను కాపాడటమే దాని ఉద్దేశం. కానీ అలాంటి ఆంక్షలు సరుకును రద్దీ వేళల్లోకి నెడతాయి. 2012 ఒలింపిక్స్ సమయంలో నగరం నడవాలంటే నిశ్శబ్దంగా రాత్రి డెలివరీలు చేయడం నేర్చుకోక తప్పలేదు. మీరు గంటలను నియంత్రించే బదులు చప్పుడును నియంత్రించండి. నిశ్శబ్దంగా దించగలిగిన బండికి రాత్రి అనుమతి ఇవ్వండి.

ఇక రోడ్డు అంచు. నా దృష్టిలో నగరం తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం పొందగలిగేది ఇక్కడే.

ఒక డెలివరీని మొదటి నుంచి చివరిదాకా గమనించండి. వ్యాన్ వీధిలోకి వస్తుంది. సరుకు దించే చోటులో ఎవరిదో కారు ఉంటుంది. డ్రైవర్ ఒక చుట్టు తిరుగుతాడు, ఇంకో చుట్టు తిరుగుతాడు. చివరికి హజార్డ్ లైట్లు వేసి బస్సు దారిలోనో సైకిల్ దారిలోనో ఆపేస్తాడు. వెనక తలుపు తీసి, రేపటి పెట్టెల వెనక దాగిన ఇవాళ్టి పెట్టెను వెతుకుతాడు. ట్రాలీ దించుతాడు. ఫుట్‌పాత్ ఎత్తుగా ఉంటుంది, వాలు ఉండదు, ట్రాలీని ఎత్తి పెట్టాలి. గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం. లిఫ్ట్ కోసం నిరీక్షణ. పై అంతస్తులో తీసుకునే మనిషి లేడు. ఫోన్ చేస్తే ఎత్తరు. పెట్టెతో సహా కిందికి దిగి వచ్చేసరికి వైపర్ కింద చలానా. మళ్లీ రేపు రావాలి. ఈ మొత్తంలో బండి నడిచిన సమయం చాలా తక్కువ. దాన్ని ఎలక్ట్రిక్ చేసినా ఈ కథలో ఒక్క వాక్యం కూడా మారదు.

సియాటెల్‌లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌కు చెందిన అర్బన్ ఫ్రైట్ ల్యాబ్ దీన్నే కొలిచింది. డెలివరీ బండ్లు తమ ట్రిప్పు సమయంలో సగటున 28 శాతం పార్కింగ్ వెతుక్కోవడంలోనే ఖర్చు చేస్తున్నాయని తేల్చింది. అదే ల్యాబ్ అక్కడి 62 అంతస్తుల మున్సిపల్ టవర్‌లో అన్ని కొరియర్లూ వాడుకునేలా ఉమ్మడి లాకర్లు పెట్టి చూసింది. భవనంలో డెలివరీ మనిషి గడిపే సమయం 78 శాతం తగ్గింది. తిరుగు టపా అయ్యే పార్సెళ్లు లేకుండా పోయాయి. ఒక్కో బండి అంత త్వరగా వెళ్లిపోతే ఆ సరుకు దించే చోటు తర్వాతి బండికి దొరుకుతుంది. అంటే కొత్తగా చోటు కట్టకుండానే చోటు పెరిగినట్టు.

ఇందులో మీరు చేయగలిగేవి చాలా మామూలు పనులు. దుకాణాలు ఎక్కువగా ఉన్న ప్రతి వీధిలో సరుకు దించే చోటు గుర్తించాలి. అది అసలు గమ్యానికి దగ్గరగా ఉండాలి. బరువైన ట్రాలీని ఏ మనిషీ దూరం తోయడు, తలుపు ముందే అడ్డంగా ఆపుతాడు. బండి పొడవుతో పాటు వెనక లిఫ్ట్ దిగేంత జాగా కలిపి కొలవాలి. చాలా నగరాల్లో కారు పొడవు లెక్కన గీతలు గీస్తారు, తలుపు తెరవడానికే వీలుండదు. ఫుట్‌పాత్‌కు వాలు కట్టాలి. బార్సిలోనాలో సరుకు దించే చోట్లలో బండి ఎంతసేపు ఉండొచ్చో ఫోన్ యాప్ ద్వారా నమోదు చేయిస్తారు, సాధారణంగా అరగంట. కొన్ని పెద్ద వీధుల్లో ఒకే వరసను వేళను బట్టి ఒకసారి ట్రాఫిక్‌కు, ఒకసారి సరుకు దించడానికి, రాత్రి ఇళ్లవాళ్ల కార్లకు వాడారు. ఇవన్నీ సొంత కార్లు అక్కడ ఆగకుండా చూసే పర్యవేక్షణ ఉంటేనే. అది లేకపోతే గీసిన గీతలకు పెట్టిన రంగు కూడా దండగ.

కొత్త భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడే సరుకు దించే చోటు, లాకర్ల గది అడగండి. ఈ నిబంధన రాయడానికి డబ్బు అక్కర్లేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ వీధి ఎలా ఉంటుందో ఇప్పుడే తేల్చే నిర్ణయం ఇది.

ఎలక్ట్రిక్ బండ్ల గురించి క్లుప్తంగా చెప్తాను. అవి కావాలి, తప్పకుండా కావాలి. పొగకు, చప్పుడుకు అంతకు మించిన మందు లేదు. నగరంలో తిరిగే వ్యాన్ రోజుకు పోయే దూరం తక్కువ, రాత్రి డిపోకు చేరుతుంది, కాబట్టి చార్జింగ్‌కు బాగా సరిపోతుంది. నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్, రోటర్‌డామ్, యూట్రెక్ట్ సహా పలు నగరాలు 2025 జనవరి 1 నుంచి మధ్య ప్రాంతాల్లో సరుకు బండ్లకు శూన్య ఉద్గార మండలాలు పెట్టాయి. కొత్తగా రిజిస్టరయ్యేవి పొగ వదలనివై ఉండాలి, పాతవాటికి అంచెలుగా గడువు ఇచ్చారు. ముందుగా, ఏళ్ల ముందే చెప్పడం దాని బలం. కొత్త బండి కొనే వాడికి ఏ తేదీ తర్వాత ఏది చెల్లదో తెలిస్తే చాలు, సబ్సిడీ అవసరం సగం తగ్గుతుంది. మీరు డబ్బు పెట్టాల్సింది బండ్ల మీద కంటే డిపోలకు సరిపడా కరెంటు లైన్ల మీద. అయినా టైర్ల అరుగుదల దుమ్ము అలాగే ఉంటుంది, ఆక్రమించే చోటు అంతే ఉంటుంది.

నిజంగా చోటు మిగిల్చేది కార్గో సైకిల్. యూనివర్సిటీ ఆఫ్ వెస్ట్‌మినిస్టర్ 2021లో మధ్య లండన్ సమాచారంతో చేసిన అధ్యయనంలో అవి వ్యాన్ల కంటే దాదాపు 60 శాతం వేగంగా డెలివరీలు చేశాయి. కారణం వాటి వేగం కాదు, తలుపు దగ్గరే ఆగగలగడం. కానీ సైకిల్ దూరం పోలేదు. దానికి దగ్గర్లో సరుకు చేర్చుకుని పంచే ఒక చిన్న హబ్ కావాలి, అక్కడే చిక్కు వస్తుంది. భూమి ధర పెరిగేకొద్దీ గోదాములు ఊరి బయటికి జరుగుతూ పోతాయి. పారిస్ ప్రాంతంలో పార్సెల్ టెర్మినళ్లు 1974 నుంచి 2008 మధ్య కేంద్రానికి సగటున 10 కిలోమీటర్లు దూరం జరిగాయని నగర సరుకు రవాణా పరిశోధకురాలు లెటీసియా దబ్లాంక్ అధ్యయనం చూపింది. ఆ దూరమంతా ప్రతి వ్యాన్ రోజూ రెండుసార్లు తిరగాల్సిందే. అందుకే పారిస్ వెనక్కి తిరిగి ఆలోచించింది. 18వ వార్డులో షాపెల్ ఇంటర్నేషనల్ అనే బహుళ అంతస్తుల లాజిస్టిక్స్ భవనం 2018లో తెరిచారు. అదే ఏడాది బెర్లిన్‌లో అయిదు పార్సెల్ కంపెనీలు ఒకే ఆవరణలో తమ తమ కంటైనర్లు పెట్టుకుని, అక్కడి నుంచి సైకిళ్ల మీద పంచే ప్రయోగం చేశాయి. మీ నగరంలో వంతెనల కింద ఖాళీలు, సగం నిండని పార్కింగ్ అంతస్తులు, వాడని బస్ డిపో మూలలు ఉంటాయి. వాటిని అమ్మేయకముందే ఒక్కసారి ఈ కోణంలో చూడమని ప్రాధేయపడి చెప్తున్నాను. ఒకసారి ఆ చోటు చేయి దాటిపోతే తిరిగి రాదు.

నదులు, కాలువలు, పట్టాలు ఉన్నచోట అవీ పనికొస్తాయి. పారిస్‌లో ఫ్రాన్‌ప్రీ సూపర్‌మార్కెట్ల సరుకును 2012లో సేన్ నది మీద పడవల్లో తేవడం మొదలుపెట్టారు. యూట్రెక్ట్ కాలువల్లో 2010 నుంచి ఎలక్ట్రిక్ సరుకు పడవ నడిచింది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో కారు ఫ్యాక్టరీకి విడిభాగాలు మోసిన సరుకు ట్రామ్ 2001లో మొదలై 2020లో ఆగిపోయింది, ఎందుకంటే అది ఒక్క ఖాతాదారు మీదే నిలబడింది. మంచి ఆలోచనలే గానీ మీ మొదటి ఖర్చు కావు.

ఇప్పుడు ఉమ్మడి గోదాము. కాగితం మీద ఇంత అందంగా కనిపించే ఆలోచన ఇంకొకటి లేదు, ఇంత తరచుగా మూతపడేదీ లేదు. ఐరోపాలో సబ్సిడీతో మొదలై, సబ్సిడీ ఆగగానే ఆగిపోయినవి చాలా ఉన్నాయి. కారణం సులువే. సరుకును ఒకసారి అదనంగా దించి, అదనంగా ఎక్కించాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? పెద్ద పార్సెల్ కంపెనీల బండ్లు ఇప్పటికే నిండుగా వస్తాయి, వాటికి లాభం లేదు. చల్లగా ఉంచాల్సిన సరుకు, మందులు మిగతావాటితో కలపడం కష్టం. సరుకు దెబ్బతింటే ఎవరి తప్పో తేలదు.

నిలబడినవాటిని చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. జపాన్‌లోని ఫుకువోకాలో తెన్‌జిన్ ప్రాంతానికి ఉమ్మడి డెలివరీ 1978లో రవాణా సంస్థలే చేతులు కలిపి మొదలుపెట్టాయి. ఇటలీలోని పాదువాలో 2004లో మొదలైన కేంద్రం బండ్లకు బస్సు దారులు వాడుకునే వీలు, ఆంక్షలున్న మధ్య ప్రాంతంలోకి ఏ వేళనైనా ప్రవేశం ఇచ్చారు. నెదర్లాండ్స్‌లోని నైమేగెన్‌లో 2008లో వచ్చిన సంస్థ ట్రక్కుల వాళ్లను ఒప్పించే పని మానేసి చిన్న దుకాణదారుల దగ్గరికి వెళ్లింది: మీ డెలివరీ చిరునామా మా గోదాముగా మార్చండి చాలు, మీకు కావలసిన వేళకు ఒకేసారి తెచ్చిస్తాం, అట్టపెట్టెల చెత్త కూడా తీసుకెళ్తాం అని. చిరునామా మారితే ట్రక్కులు వాటంతట అవే అక్కడికి వస్తాయి. భవన నిర్మాణంలో ఇది ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ తెప్పించుకునేవాడు ఒక్కడే, ఒప్పందంలో రాయించవచ్చు. లండన్‌లో 2005లో మొదలైన నిర్మాణ సామగ్రి ఉమ్మడి కేంద్రం వల్ల సైట్లకు వచ్చే బండ్లు దాదాపు మూడింట రెండు వంతులు తగ్గాయి.

మీ నగరంలో అలాంటి ఒక్క పెద్ద కొనుగోలుదారు ఇప్పటికే ఉన్నాడు. అది నగర పాలక సంస్థే. బడులు, ఆసుపత్రులు, కార్యాలయాలు, వీధి దీపాల విభాగం అన్నీ వేరువేరుగా ఆర్డర్లు పెడతాయి, వేరువేరు బండ్లు వస్తాయి. స్వీడన్‌లో బోర్లెంగే, దాని పొరుగు మున్సిపాలిటీలు 1999లోనే వస్తువు ధరను, రవాణా ఖర్చును టెండర్‌లో విడదీసి, సరుకంతా ఒకచోట చేర్పించి పంచుకోవడం మొదలుపెట్టాయి. దీనికి ఎవరినీ ఒప్పించాల్సిన పని లేదు. మీ సొంత కొనుగోలు పత్రంలో ఒక నిబంధన మారిస్తే చాలు.

ఇళ్లకు వచ్చే పార్సెళ్ల గురించి ఒక మాట. కొన్ని గంటల్లో చేరుస్తామనే హామీ సరుకును పోగుచేసే అవకాశాన్ని చంపేస్తుంది. ఒక వీధికి రోజుకోసారి నిండుగా వచ్చే వ్యాన్ స్థానంలో గంటకొకటి సగం ఖాళీగా వస్తాయి. లాకర్లు దీనికి కొంత జవాబు. పోలండ్‌లో ఒక్క ఇన్‌పోస్ట్ కంపెనీకే 20 వేలకు పైగా ఉన్నాయి. నడిచి వెళ్లేంత దూరంలో ఉంటేనే అవి మేలు చేస్తాయి. కారు తీసుకుని వెళ్లాల్సి వస్తే వ్యాన్ మిగిల్చింది కారు తినేస్తుంది.

డ్రైవర్లను మర్చిపోవద్దని గట్టిగా అడుగుతున్నాను. పార్సెల్‌కు ఇంత అని కూలి తీసుకునే మనిషికి చట్టబద్ధమైన చోటు కోసం తిరగడం అంటే తన జేబులో డబ్బు పోవడం. అడ్డంగా ఆపడం అతని మొండితనం కాదు, మనం చోటు ఇవ్వకపోవడం. చలానాలు చాలాసార్లు అతనే కట్టుకుంటాడు. టాయిలెట్‌కు వెళ్లే టైం లేక నీళ్లు తాగడం తగ్గించుకునేవాళ్లను దగ్గరగా చూశాను. హబ్ కట్టేటప్పుడు అందులో టాయిలెట్, తాగునీరు, కాసేపు కూర్చునే గది తప్పనిసరి చేయండి. అలాగే పెద్ద ట్రక్కు క్యాబిన్ నుంచి పక్కనే ఉన్న సైకిల్ మనిషి కనిపించడు. లండన్ 12 టన్నులు దాటిన ట్రక్కులకు నేరుగా ఎంత కనిపిస్తుందో కొలిచి 2021 మార్చి నుంచి అనుమతులు తప్పనిసరి చేసింది.

మొదటి ఏడాది పని నేనైతే ఇలా పెట్టుకుంటాను. రద్దీ ఎక్కువున్న మూడు నాలుగు వీధులు ఎంచుకుని, ఏ బండి ఎంతసేపు ఎక్కడ ఆగుతోందో మనుషులను పెట్టి లెక్క రాయించాలి. అదే వీధుల్లోని దుకాణాలకు వెళ్లి వారానికి ఎందరు సరఫరాదారులు ఎన్నిసార్లు వస్తారో, ఆ వేళ ఎవరు నిర్ణయించారో అడగాలి. చాలామంది దగ్గర 'ఎప్పటి నుంచో అలాగే వస్తోంది' అనే జవాబు వస్తుంది. మారడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు వాళ్లే. పక్కన సరుకు దించే చోట్లు, పర్యవేక్షణ, భవన నిబంధన, నగరపాలక కొనుగోళ్లు సమాంతరంగా నడవాలి. శూన్య ఉద్గార మండలానికి తేదీ ఇప్పుడే ప్రకటించాలి, అమలు తర్వాత.

ఉమ్మడి గోదాము ప్రతిపాదన మీ ముందుకు కాగితాల రూపంలో వచ్చినప్పుడు మాత్రం భవనం బొమ్మలు పక్కనపెట్టి రెండు పేజీలు వెతకండి. మూడో ఏడాది నుంచి నిర్వహణ ఖర్చు ఎవరు భరిస్తారో ఉన్న పేజీ ఒకటి. తమ డెలివరీ చిరునామా ఆ గోదాముకు మార్చుకుంటామని సంతకం పెట్టిన దుకాణాలు, సంస్థల జాబితా రెండోది. ఆ రెండూ లేకపోతే ఫైలు వెనక్కి పంపి, అవి చేర్చి తెమ్మనండి.